నాలుగు వేళ్ళ ఎడం

స్క్రూలు బిగించాను, అందులో అనుమానం లేదు. నాలుగు స్క్రూలు, రింగుకి రెండేసి, ఇటుది కాస్త బిగించి, అటుది కాస్త బిగించి, రైఫిల్ మీద గురి చూసే స్కోప్ గొట్టం నలగకుండా. పాతికేళ్ళుగా ఈ చేతులు చేస్తున్న పనే అది, నిద్రలో లేపి చేయమన్నా చేస్తాయి. కానీ ఏ గీత దగ్గర బిగించానన్నది గుర్తుకు రావడం లేదు. కాల్పుల మైదానంలో తాడుకి ఇవతల బెంచీ మీద కూర్చుని, అక్కడ నలభై అడుగుల దూరంలో మా ఆవిడ రైఫిల్ భుజానికి ఎత్తుతుంటే చూస్తూ, ఇప్పుడా ఈ మతిమరుపు? ఇంటి తాళం వేశానో లేదో అన్న అనుమానమైతే వెనక్కి వెళ్ళి చూసుకోవచ్చు. ఇక్కడ తాడు దాటకూడదు, నోరు విప్పకూడదు. గోడ మీద ఎర్రక్షరాలతో రాసి పెట్టారు, ఆ పలకకి మేకు కొట్టింది కూడా నేనే.

గీతలు రెండు వేశాను, తెల్ల పెన్సిల్‌తో, స్కోప్ గొట్టం మీద. నిలబడి గురి చూస్తే ఒక గీత, బోర్లా పడుకుని చూస్తే ఇంకో గీత. మనిషి నిలబడితే తల నిటారుగా, కాస్త వెనక్కి ఉంటుంది. పడుకుంటే మెడ సాగి చెంప ముందుకి జారుతుంది, కన్ను అద్దానికి దగ్గరవుతుంది. ఇదంతా రైఫిల్‌కి తెలియదు, పేలగానే వెనక్కి తన్నడమొక్కటే దానికి తెలుసు. కంటికీ అద్దానికీ మధ్య నాలుగు వేళ్ళ ఎడం ఉంటే ఆ తన్ను భుజంలోకి పోతుంది, రెండు వేళ్ళే ఉంటే స్కోప్ అంచు వచ్చి కనుబొమని కోస్తుంది. పోనీ అని ఎక్కువ ఎడం వదిలామా, బొమ్మ చుట్టూ చీకటి కమ్ముకొచ్చి, గురి బిళ్ళ నూతిలో చంద్రుడిలా చిన్నదైపోతుంది. అన్ని భంగిమలకీ సరిపోయే ఎడం లేనే లేదు. అందుకే పడుకున్నప్పటి గీత దగ్గర బిగించి, నిలబడ్డప్పుడు మెడ కొంచెం ముందుకి పెట్టుకోమనడం, రైఫిళ్ళు బాగుచేసే మా వర్క్‌షాప్ పద్ధతి. వచ్చిన ప్రతి గార్డుకీ ఈ మాట చెప్తాను. వాళ్ళందరికీ సరిగ్గానే బిగించాను, ఒక్కరికీ తేడా రాలేదు. కట్టుకున్నదానికి మాత్రం ఎక్కడ బిగించానో తెలియడం లేదు.

"ఏం మేస్త్రీ, పరీక్ష ఆవిడకా నీకా? ఆ చెమటలేంటయ్యా?" అని చెవిలో గొణిగాడు స్టోర్ బాబాయ్. మా స్టోర్‌కీపర్ ఆయన, నాకంటే పదేళ్ళు పెద్ద, అందరికీ బాబాయే. దుర్బిణీ కళ్ళకి అతికించుకుని కూర్చున్నాడు, ఎన్ని పడ్డాయో ఆయనే చెప్పాలి. ముప్పై తూటాలు. నిలబడి పది, మోకాలి మీద పది, బోర్లా పడుకుని పది. ముప్పైలో ఇరవై ఆరు నల్ల బిళ్ళ మీద పడితే మా ఆవిడ గార్డుల శిక్షణ బడిలో బోధకురాలు. పడకపోతే గేటు దగ్గర గార్డు, ఇప్పటికి పదహారేళ్ళకి పైగా ఉన్నట్టే, వచ్చే బండీ పోయే బండీ చూసి కడ్డీ ఎత్తుతూ దించుతూ. నలభై దాటితే ఈ పరీక్షకి రానివ్వరు. ఆవిడకి ఇంకో రెండు నెలల్లో నలభై. ఇది మూడోసారి, ఇదే ఆఖరు. బడి ఉన్న ఊరు ఇక్కడికి పద్నాలుగు గంటల రైలు ప్రయాణం. పద్నాలుగు గంటలు. ఆ అంకె నా బుర్రలో జోరీగలా తిరుగుతూనే ఉంది. ఇప్పుడు దాని గురించి కాదు, గీత గురించి ఆలోచించాలి.

మొదటి తూటా పేలింది. ఆవిడ భుజం వెనక్కి జరిగి మళ్ళీ ముందుకొచ్చింది, కనుబొమకి ఏమీ కాలేదు. నిలబడ్డప్పుడు ఏమీ కాదులే, కన్ను దూరంగానే ఉంటుంది. కానీ ఆ మెడ ఎందుకలా చాస్తోంది? ప్రతి తూటాకీ ముందు గడ్డం కొంచెం ముందుకి తోస్తోంది, కిటికీలోంచి వీధి చివర చూసేవాళ్ళలాగా. అంటే బొమ్మ చుట్టూ చీకటి వస్తోంది. అంటే స్కోప్ ముందుకే ఉంది. అంటే నేను పడుకున్న గీత దగ్గరే బిగించాను! హమ్మయ్య అనుకున్నాను, వెన్ను బెంచీకి ఆనించాను. పదహారేళ్ళ కిందట ఇంత తెలివి ఉంటే బాగుండేది. అప్పుడు కొత్త రైఫిళ్ళు వచ్చాయి, వాటన్నిటికీ స్కోపులు నా మెడ కొలతకే బిగించాను. నాది భుజాల్లోకి ముడుచుకున్న తాబేలుమెడ, బాబాయ్ పెట్టిన పేరే అది. అలాంటి మెడకి సరిపోయింది ఇంకెవరికి సరిపోతుంది? సాయంత్రానికి ఒక గార్డమ్మ రుమాలు కనుబొమకి అదిమిపట్టుకుని వర్క్‌షాప్‌లోకి వచ్చింది, రుమాలంతా రక్తం. "దీన్ని బిగించిందెవరు?" అంది. నేనే అన్నాను. "మీ కొలతకి బిగించుకున్నప్పుడు మీరే కాల్చుకోవాల్సింది" అంది. స్పిరిట్‌లో దూది ముంచి గాయం తుడిచాను, మామూలుగా మగవాళ్ళే కేకలు పెడతారు దానికి, ఆవిడ రెప్ప కూడా ఆర్పలేదు. ఆ దెబ్బ మానింది కానీ భయం మానలేదు. ఆ తరువాత రెండేళ్ళు ట్రిగ్గర్ నొక్కే ముందు ఆవిడ కళ్ళు మూసుకునేది. తూటా ఎటు పోయేదో దేవుడికే తెలియాలి. చేసిన తప్పు నాది కదా అని, రోజూ డ్యూటీ అయ్యాక ఖాళీ రైఫిల్ ఇచ్చి, గొట్టం కొస మీద నాణెం నిలబెట్టి, నాణెం పడకుండా నొక్కమనేవాణ్ణి. పడేది. మళ్ళీ నిలబెట్టేవాణ్ణి. ఎన్నిసార్లు వంగి ఏరానో ఆ నాణెం. ఒక రోజు అది పడలేదు, ఇద్దరం చిన్నపిల్లల్లా అరిచాం, ఆ నెలలోనే పెళ్ళి చేసుకున్నాం. అప్పుడు మేస్త్రీగారూ అనేది, పెళ్ళయ్యాక గారు పోయింది, మేస్త్రీ మిగిలింది.

"ఎనిమిది" అన్నాడు బాబాయ్. నిలబడి పదికి ఎనిమిది, తక్కువేం కాదు. ఆవిడ మోకాలి మీద కూర్చుంది, ఎడమ మోచెయ్యి మోకాలి మీద ఆనించింది. పరీక్షాధికారి చేతిలో గడియారంతో వెనక నిలబడ్డాడు, ఇస్త్రీ మడత విరగని మనిషి. ఇప్పుడు మెడ అంతగా చాచడం లేదు, మోకాలి మీద ఎప్పుడూ మధ్యరకంగానే ఉంటుంది. నేనెందుకు మరిచిపోయాను? మరిచిపోయే పనా ఇది? ఉత్తరం వచ్చింది ఆరు వారాల కిందట, పరీక్షకి పిలుపు, పాసైతే వెంటనే చేరాలని. వర్క్‌షాప్ మెట్టు మీద కూర్చుని మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నాం, ఆవిడ ఉత్తరం నా చేతిలో పెట్టింది. చదివాను. "మంచిదే" అన్నాను. ఆవిడ నా వంక చూస్తూనే ఉంది, నేను డబ్బాలోకి చూస్తూ తిన్నాను, ఏం తిన్నానో తెలియదు. ఆ రోజునుంచీ లోపల ఒకటే రొద. పొద్దున్నే కాఫీ ఒక్క గ్లాసుకి కలుపుకోవాలా? తలుపు తీసి లోపలికి వెళ్తే ఎవరితో మాట్లాడాలి? ఈ మెట్టు మీద బాబాయ్‌తో కూర్చుని తినాలా, ఆయన నములుతూ మాట్లాడతాడే? వెళ్ళద్దు అనడానికి నాకేం హక్కుంది? వెళ్ళమని మనస్ఫూర్తిగా అనడానికి నోరెందుకు రాదు? ఆ రొదలోనే ఒక సాయంత్రం ఆవిడ రైఫిల్‌కి స్కోప్ బిగించాను. నాకు తెలియకుండా నా చెయ్యి ఏమన్నా చేసిందా? తప్పు గీత దగ్గర బిగిస్తే దెబ్బ తగులుతుంది, దెబ్బ తగిలితే ఆవిడ మళ్ళీ కళ్ళు మూసుకుంటుంది, కళ్ళు మూసుకుంటే ఎక్కడికీ వెళ్ళదు. ఛీ, ఏం ఆలోచన ఇది! నేను అలాంటివాణ్ణి కాదు. కానంటే ఎందుకు గుర్తు రాదు మరి? పాతికేళ్ళలో ఒక్క స్క్రూ సంగతి మరిచిపోనివాణ్ణి, ఇదే ఎందుకు మరిచిపోయాను?

"తొమ్మిది. మొత్తం పదిహేడు. ఇంకో తొమ్మిది పడితే చాలు మేస్త్రీ. పడుకుని కాల్చడంలో ఆవిడకి ఎదురు లేదు కదా. పెట్టెలు సర్దుకోండి ఇక" అన్నాడు బాబాయ్. నవ్వాను, నవ్వు మొహానికి అంటుకోలేదు. ఆవిడ లేచి నిలబడింది, మోకాలి దుమ్ము దులుపుకుంది, ఆకాశం వంక చూసింది. పొద్దున మంచు ఉండింది, ఇప్పుడు ఎండ చురుక్కుమంటోంది. చెవుల మీది తొడుగులు తీసి మెడలో వేసుకుంది, జాకెట్ జిప్పు కిందికి లాగింది, జాకెట్ విప్పి బల్ల మీద పడేసింది. దళసరి జాకెట్ అది, భుజం దగ్గర దూది కుట్టినది, ఎంత లేదన్నా వేలెడు మందం. జాకెట్ ఉంటే రైఫిల్ వేలెడు ముందుకి ఉంటుంది, కన్ను వేలెడు దూరంగా ఉంటుంది. జాకెట్ తీసేస్తే రైఫిల్ వెనక్కొస్తుంది, అద్దం కంటికి వేలెడు దగ్గరవుతుంది. ఆ చాచిన మెడ నన్ను మోసం చేసింది. మెడ చాచింది స్కోప్ ముందుకి ఉన్నందుకు కాదేమో, జాకెట్ అడ్డం ఉన్నందుకేమో. అయితే స్కోప్ నిలబడ్డ గీత దగ్గరే ఉందేమో. సరే, పడుకున్న గీత దగ్గరే ఉందనుకుందాం, ఆ గీత వేసినప్పుడు ఆవిడ ఒంటి మీద జాకెట్ ఉందా?

ఆ సాయంత్రం వర్క్‌షాప్ నేల మీద చాప పరిచాను. ఆవిడ డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది, బోర్లా పడుకుంది. "కళ్ళు మూసుకో. చెంప ఆనించు. ఊపిరి వదులు. ఇప్పుడు తెరువు" అన్నాను. "చుట్టూ చీకటిగా ఉంది మేస్త్రీ" అంది. స్కోప్ వెంట్రుకవాసి వెనక్కి లాగాను. "ఇప్పుడు?" "ఇప్పుడు నిండుగా ఉంది." అప్పుడు జాకెట్ జిప్పు రైఫిల్ కర్రకి గీసుకుని కర్రుమంది, నిన్ననే పాలిష్ పెట్టాను జాగ్రత్త అని కసిరాను. జాకెట్ ఉంది. కాదు, చొక్కా జేబులో ఆవిడ పెన్ను ఛాతీకి గుచ్చుకుంటుందని నేనే తీసి నా చెవి మీద పెట్టుకున్నాను, ఇంటికెళ్ళాక కూడా నా చెవి మీదే ఉంది, ఆవిడ నవ్వింది. చొక్కా జేబు కనిపించిందంటే జాకెట్ లేదు. జిప్పు ఆ రోజుదా, కిందటేడుదా? పెన్ను కిందటేడుదా? కిందటేడు పరీక్షకి కూడా ఇలాగే చాప మీద పడుకుంది. రెండు సాయంత్రాలు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయాయి, ఏది ఏదో విడదీయలేకపోతున్నాను. ఆవిడ చాప మీద బోర్లా పడుకుంది. తొడుగులు చెవుల మీదికి లాక్కుంది. చెవులు మూసుకుపోయాయి, ఇక ఏమన్నా వినపడదు. చెంప కర్రకి ఆనించింది. మెడ సాగింది. ఇక్కణ్ణుంచి చూస్తే ఆవిడ మొహం స్కోప్‌లోకి దూరిపోతున్నట్టే ఉంది. నాలుగు వేళ్ళు ఉందా, రెండు వేళ్ళు ఉందా? ఎవరికి కనిపిస్తుంది ఇంత దూరం నుంచి? ఆ కనుబొమ మీద పాత మచ్చ ఉంది, దాని మీదే మళ్ళీ పడితే? మచ్చ మీద పడక కంటి మీద పడితే? ఊరుకుంటే కన్ను పోతుందేమో. అరిచాక ప్రమాదం లేదని తేలితే పరీక్ష పోతుంది. పరీక్ష పోతే ఆవిడ ఇక్కడే ఉంటుంది. ఇక్కడే ఉంటుంది అన్న మాట తట్టగానే ఒళ్ళంతా తేలికైంది, అలా తేలికైనందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. దేని కోసం లేస్తున్నానో నాకు తెలియదు, కానీ లేచి నిలబడ్డాను.

"ఆపండి!" అని అరిచాను. బాబాయ్ దుర్బిణీ కింద పడింది. "ఆపండి, కాల్చద్దు! స్కోప్ తప్పు, స్కోప్ దగ్గరగా ఉంది!" తాడు కూడా దాటాను కాబోలు, ఎవరో నా చొక్కా వెనక నుంచి పట్టుకున్నారు. పరీక్షాధికారి చెయ్యెత్తి, వంగి ఆవిడ భుజం తట్టాడు. ఆవిడ వేలు ట్రిగ్గర్ మీంచి తీసింది, తూటా బయటికి తీసింది, అంతా పద్ధతిగా, నిదానంగా. అప్పుడు తొడుగులు మెడలోకి జార్చి, తల తిప్పి నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో, తెలియని ఊళ్ళో దారి తప్పినవాళ్ళ చూపు అది.

"ఎవరయ్యా నువ్వు?" అన్నాడు అధికారి. మేస్త్రీని, స్కోప్ బిగించింది నేనే, తప్పు బిగించాను, దెబ్బ తగులుతుంది, అన్నాను ఒక్క గుక్కలో. "ఆవిడ నీకేమవుతుంది?" నా భార్య అన్నాను. ఆవిణ్ణి మళ్ళీ గురి పెట్టమన్నాడు, చెంప ఆనించమన్నాడు, పక్కన మోకాళ్ళ మీద వంగి జేబులోంచి స్కేలు తీసి కంటికీ అద్దానికీ మధ్య పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. స్కేలు చాలక తన చెయ్యి పెట్టి వేళ్ళతో కూడా చూశాడు. "నాలుగు వేళ్ళు. దీన్ని తప్పంటే ఒప్పు ఎలా ఉంటుందో నాకు తెలియదు" అన్నాడు. నిజంగా ప్రమాదం ఉండి ఎవరు అరిచినా నిబంధన ఒప్పుకుంటుంది. ప్రమాదం లేకుండా అభ్యర్థి తాలూకు మనిషి అరిస్తే ఆ భంగిమ రద్దు. ఆయన చదివి వినిపించక్కర్లేదు, పలక నాకు కంఠతా వచ్చు. పదిహేడు దగ్గర ఆగిపోయింది లెక్క. అధికారి కాగితం మీద గీత గీస్తుంటే ఆవిడ చాప మీంచి లేవకుండానే అడిగింది, "సార్, లెక్కలోకి రాకపోయినా ఫర్వాలేదు. ఆ పదీ కాల్చుకోవచ్చా?" ఆయన సరే అన్నాడు. పది తూటాలూ కాల్చింది. ప్రతి దానికీ రైఫిల్ తన్నింది, ప్రతిసారీ అద్దం ఆవిడ కంటికి అల్లంత దూరంలో ఆగింది. పదో తూటా అయ్యాక బాబాయ్ దుర్బిణీ దించి, నా వంక చూడకుండా, "పదికి పది" అన్నాడు. పదిహేడూ పదీ ఇరవై ఏడు. ఇంత చిన్న కూడిక ఎన్నిసార్లు చేశానో, ప్రతిసారీ ఇరవై ఏడే వచ్చింది.

బయట గోడ నీడలో రైఫిల్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన కూర్చునే ధైర్యం లేక నిలబడ్డాను. స్కోప్ గొట్టం మీద నా గీతలు రెండూ కనిపించాయి, రింగు ఆ రెండిటి దగ్గరా లేదు, స్కోప్ ఇంకా ముందుకి జరిగి ఉంది. "నిన్న సాధనప్పుడు ఎండ కాసింది" అంది, నేను అడక్కుండానే. "రేపూ కాస్తుంది, జాకెట్ తీయాల్సొస్తుంది అనుకున్నా. మీ పనిముట్ల డబ్బాలోంచి అలెన్ కీ తీసుకుని, స్క్రూలు వదులు చేసి స్కోప్ వేలెడు ముందుకి జరిపి, మూడు తూటాలు కాల్చి గురి సరిచూసుకున్నా. నిలబడ్డప్పుడు కొంచెం చీకటి పడింది, మెడతో సర్దుకున్నా."

"నాకొక్క మాట చెప్పాల్సింది" అన్నాను.

"చెప్తే నా పని మీద నమ్మకం లేదా అని నొచ్చుకుంటారు. ఈ మధ్య మీతో ఏది చెప్పాలన్నా భయంగానే ఉంది." రైఫిల్ మీద చెయ్యి అటూ ఇటూ రాసింది. "మీరెందుకరిచారు మేస్త్రీ?"

"దెబ్బ తగులుతుందని."

"అంతేనా?"

అవును అనేస్తే సరిపోయేది. పదహారేళ్ళలో ఈ మనిషికి ఒక్క అబద్ధం చెప్పలేదు, మొదటిది ఇప్పుడు చెప్పాలా? కాదు అంటే అది మాత్రం నిజమా? లోపలికి చూసుకుంటే రెండూ కలగాపులగంగా ఉన్నాయి, భయమూ ఉంది, ఆ తేలికైన క్షణమూ ఉంది, ఏది ముందు లేచి అరిచిందో కనిపెట్టలేకపోయాను. "నాకు తెలీదు" అన్నాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆవిడ తల ఊపింది, ఆ జవాబు ముందే తెలిసినట్టు.

"ఆ బడిలో వర్క్‌షాప్ ఉంది మేస్త్రీ" అంది. "ఏడాదిగా మేస్త్రీ లేడు. ఉత్తరంతో పాటు వచ్చిన కాగితాల్లో రాసుంది, ఖాళీ అని."

"నాకు చెప్పలేదే?"

"మీరు అడుగుతారని చూశా. నేనూ రానా అని ఒక్కసారంటారని. ఆ రోజు మెట్టు మీద చూశా. తర్వాత రోజూ చూశా. నేను చెప్పి తీసుకెళ్తే అది వేరు, మీరడిగితే అది వేరు కదా." గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మీరేమో మంచిదే అన్నారు."

ఆరు వారాలు. ఒక్క గ్లాసు కాఫీ గురించి ఆలోచించాను, మాట్లాడే మనిషి లేని ఇంటి గురించి ఆలోచించాను, బాబాయ్ నమలడం గురించి కూడా ఆలోచించాను. వెళ్ళనివ్వడం, ఆపడం, ఈ రెండే ఉన్నాయనుకుని వాటి మధ్య కాలు కాలిన పిల్లిలా తిరిగాను. ఆ మూడో మాట ఒక్కసారి కూడా నా బుర్రకి ఎందుకు తట్టలేదు? రైలుకి రెండు టిక్కెట్లు ఇస్తారని ఎవరికి తెలియదు? ఆవిడ లేచింది. రైఫిల్ నా చేతికిచ్చి, లోపల అప్పగించి రమ్మంది. చొక్కా సర్దుకుంది, జుట్టు సర్దుకుంది, రెండింటికి డ్యూటీ ఉంది, గేటు వైపు నడిచింది. నాలుగడుగులు వెనకాల పరిగెత్తాను, రైఫిల్ బరువుకి భుజం వాలిపోతోంది.

"నేనూ రానా?" అన్నాను.

ఆగి వెనక్కి తిరిగింది.

"ఎక్కడికి?" అంది.